హెపటైటిస్-సి వైరసు జన్యురూపములు - రోగి భవితవ్యము

కామెర్లు అను మాట వినని తెలుగువారుండరు. ఉర్దూ మాటలాడు కుటుంబములలో దానినే యర్ఖాన్ అందురు. కన్నులు పచ్చబడుట, మూత్రము ముదురురంగు దాల్చుట, ఆకలి మందగించుట కనబడగానే పసరు మందు పోయువారి వద్దకు పరుగెత్తుట మన ప్రాంతములలో నేటికిని ఉన్నది. రెండు మూడు వారములలో పసుపు తగ్గినచో ఆ కీర్తి పసరునకు దక్కును. అయితే కామెర్లు స్వయముగా ఒక రోగము కాదు. కాలేయమునకు చేటు కలిగినదని తెలుపు గుర్తు మాత్రమే. కలుషితమైన నీటివలన, ఆహారమువలన సోకు ఏ, ఇ రకముల హెపటైటిస్ చాలమందిలో ప్రత్యేకమైన మందు లేకయే తగ్గిపోవును. రక్తముద్వారా సోకు సి రకము అట్టిది కాదు. అది సోకినవారిలో అధిక సంఖ్యాకులకు తొలిదశలో కామెర్లు రానే రావు. ఏండ్ల తరబడి ఏ బాధయు తెలియదు. తుదకు కన్నులు పచ్చబడునప్పటికి కాలేయము చాలవరకు చెడియుండును.

ఇట్టి వ్యాధి విషయమున ఒక ప్రశ్న సహజముగా పుట్టును. ఒకే వైరసు సోకిన ఇద్దరిలో ఒకరు ముప్పది ఏండ్లు సుఖముగా తిరుగుచుండగా, మరియొకరు కాలేయపు క్యాన్సరునకు లోనగుట ఎందువలన? భేదము వైరసులో ఉన్నదా, మనిషిలో ఉన్నదా? మేము భాషాసాహిత్యములు బోధించువారమే గాని వైద్యులము కాము. అయినను ప్రజల ప్రాణములకు సంబంధించిన శాస్త్రవిషయములను తెలుగున చెప్పుకొనుట మన కళాశాలకు శోభనిచ్చు పని యని తలచి, ఆ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు కనుగొన్న సమాధానమును విద్యార్థుల ముందుంచుచున్నాము.

వైరసును కనుగొన్న విధము

బారూక్ బ్లంబర్గ్ హెపటైటిస్-బి వైరసును కనుగొని 1976లో నోబెల్ బహుమానమును పొందెను. 1973లో ఏ రకపు వైరసు కూడ కంటబడినది. రక్తము ఎక్కించుకొన్న వారికి వచ్చు కాలేయవ్యాధి ఇక పూర్తిగ అర్థమైనదని అందరును భావించిరి. కాని అమెరికాలో హార్వే ఆల్టర్ బృందము పరిశీలింపగా, అట్టి రోగులలో పెక్కుమందికి ఏ వైరసుగాని, బి వైరసుగాని లేదని తేలినది. పేరు పెట్టుటకు కూడ ఆధారము లేక ఆ వ్యాధిని "ఏ-యు కాని బి-యు కాని హెపటైటిస్" అని పిలిచిరి. 1989లో మైకేల్ హోటన్, ఆయన సహచరులును వైరసును కంటితో చూడకయే, దాని జన్యుపదార్థపు తునకనుబట్టి గుర్తించిరి. అదియే హెపటైటిస్-సి. ఈ వైరసు ఒక్కటియే వ్యాధిని కలిగింపగలదని చార్లెస్ రైస్ 1997లో నిరూపించెను. ఈ మువ్వురకును 2020లో నోబెల్ బహుమానము లభించినది.

జన్యురూపము అననేమి?

ఈ వైరసు జన్యుపదార్థము ఆర్.ఎన్.ఏ. అను ఒంటి పోగు. దానిలో సుమారు 9,600 అక్షరములు వరుసగా కూర్చబడియుండును. వైరసు కాలేయకణములోనికి ప్రవేశించి, ఆ గ్రంథమునకు ప్రతులు తీయించుకొనును. ప్రతులు తీయు ఎంజైమునకు తాను వ్రాసినది సరిచూచుకొను శక్తి లేదు. తాళపత్రముల కాలమున లేఖకుడు ఒక అక్షరము జారవిడిచిన, తరువాతి లేఖకుడు ఆ తప్పునే యథాతథముగా ఎక్కించి మరియొక తప్పును చేర్చెడివాడు. ఒక ప్రాంతపు ప్రతులన్నియు ఒక కుటుంబముగను, వేరొక ప్రాంతపు ప్రతులు వేరొక కుటుంబముగను ఏర్పడుట గ్రంథపరిష్కర్తలు ఎరిగినదే. శతాబ్దములుగా వేరువేరు దేశములలో పెరిగిన ఈ వైరసునకును ఇదే గతి పట్టినది.

ఇట్లు ఏర్పడిన పెద్ద కుటుంబములనే జన్యురూపములందురు. వైద్యులు జీనోటైపులని వ్యవహరింతురు. రెండు జన్యురూపముల నడుమ నూటికి దాదాపు ముప్పది అక్షరములు భేదించును. ఒక్కొక్క జన్యురూపమునందు 1ఏ, 1బి, 3ఏ అనునట్టి ఉపభేదములు కలవు. వాని నడుమ భేదము 15 నుండి 25 శాతము వరకుండును. నేటివరకు ఎనిమిది జన్యురూపములు గుర్తింపబడినవి. ఎనిమిదవది 2018లో ప్రకటింపబడినది. కెనడాలో నివసించుచున్న, మన పంజాబు ప్రాంతమునకు చెందిన రోగులలో అది కనబడినది.

ప్రపంచమున 1వ జన్యురూపము అన్నింటికంటె ఎక్కువ. తరువాతి స్థానము 3వ దానిది. రెండవది పశ్చిమాఫ్రికాలోను, నాల్గవది ఈజిప్టులోను మధ్యాఫ్రికాలోను, ఐదవది దక్షిణాఫ్రికాలోను, ఆరవది ఆగ్నేయాసియాలోను ప్రసిద్ధములు. మన దేశమున, ముఖ్యముగా ఉత్తరాదిని, 3వ జన్యురూపము ప్రబలముగా నున్నది; దక్షిణాదికి వచ్చుకొలది 1వ దాని పాలు పెరుగును. కనుక 3వ జన్యురూపమును గురించి తెలిసికొనుట మనకు దూరదేశపు ముచ్చట కాదు.

జన్యురూపము ఒక ప్రాంతమున ప్రబలుటకు ప్రకృతికంటె మనుష్యుల చేతలే ఎక్కువ కారణమగుటయు కలదు. ఈజిప్టులో నైలునది నీటివలన వచ్చు బిల్హార్జియా వ్యాధిని తొలగించుటకై 1950వ దశకమునుండి 1980వ దశకారంభమువరకు ప్రభుత్వమే ఊరూర సూదిమందు వేయించినది. ఆనాటి గాజు సిరంజీలు సరిగా మరిగింపబడక ఒకరినుండి ఒకరికి మారినవి. ఒక రోగమును మాన్పబోయిన సూది లక్షలమందికి 4వ జన్యురూపపు హెపటైటిస్-సిని అంటించినది.

కాలేయముపై ప్రభావము

ఉర్దూ కవుల జిగర్ ప్రేమకు, ధైర్యమునకు నిలయము. వైద్యుల జిగర్, అనగా కాలేయము, మౌనముగ బాధ సహించు అవయవము. వైరసు సోకిన నూరుగురిలో దాదాపు ముప్పదిమంది ఆరు మాసములలోపల తమ శరీరబలముననే దానిని వదిలించుకొందురు. తక్కిన డెబ్బదిమందిలో అది స్థిరపడును. ఇట్లు స్థిరపడినవారిలో 15 నుండి 30 శాతమునకు ఇరువదేండ్లలో సిర్రోసిస్ ఏర్పడునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. సిర్రోసిస్ అనగా మెత్తని కాలేయము మచ్చలుపడి, నారలుకట్టి గట్టిపడుట. అటుపిమ్మట పొట్టలో నీరు చేరుట, రక్తపు వాంతులు, మతి తప్పుట, క్యాన్సరు అనునవి పొంచియుండును.

ఈ ప్రయాణమున జన్యురూపము పాత్ర ఏమి? ఇందు 3వ జన్యురూపము ప్రత్యేకముగ చెప్పదగినది. అది కాలేయకణములలో కొవ్వును చేర్చును. ఇతర జన్యురూపములు సోకినవారిలో కొవ్వు పేరుకొన్నచో దానికి సాధారణముగా స్థూలకాయము, మధుమేహము వంటివి కారణములు. 3వ దానిలో వైరసే ఆ పని చేయును. చికిత్సతో వైరసు తొలగిన పిదప అట్టి కొవ్వు తగ్గిపోవుట ఇందుకు తార్కాణము. అమెరికాలో మాజీ సైనికులు 1,10,000 మందికి పైబడిన రోగుల వివరములను పరిశీలించి 2014లో ప్రకటించిన అధ్యయనమున, 1వ జన్యురూపము గలవారితో పోల్చగా 3వ జన్యురూపము గలవారికి సిర్రోసిస్ వచ్చు అవకాశము 31 శాతము, కాలేయపు క్యాన్సరు వచ్చు అవకాశము 80 శాతము అధికమని తేలినది. వయస్సు, మధుమేహము, శరీరపు బరువు మొదలగు భేదములను లెక్కలోనికి తీసికొన్న పిదప వచ్చిన ఫలితమిది.

అయితే ఇట్టి లెక్కలను చదువుటలో జాగరూకత అవసరము. ఒకప్పుడు 1బి ఉపభేదము క్యాన్సరునకు దగ్గరి చుట్టమని పలు పరిశోధనలు చెప్పినవి. పిదప విచారింపగా, ఆ రోగులలో పెక్కుమంది వృద్ధులని, ఎన్నో దశాబ్దముల క్రిందట వైరసును పొందినవారని స్పష్టమైనది. క్యాన్సరునకు కారణము ఉపభేదమా, గడచిన కాలమా అని విడదీయుట సులభము కాలేదు. కాలమును, వయస్సును లెక్కించిన అధ్యయనములలో 1బి దోషము కొంత తగ్గి కనబడినది. పసరు త్రాగిన తరువాత కామెర్లు తగ్గినవి గావున పసరే తగ్గించినదను తర్కమునందున్న లోపమే ఇచటను పొంచియున్నది. రెండు విషయములు వెంటవెంట కనబడినంత మాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాజాలదు.

ఐర్లండు చెప్పిన పాఠము

వైరసు ఒక్కటే అయినను ఫలితము వేరగునని తెలుపు ఉదాహరణ ఐర్లండు దేశమున కలదు. తల్లి రక్తము ఆర్.హెచ్. నెగటివ్, బిడ్డ రక్తము పాజిటివ్ అయినపుడు, తరువాతి కాన్పులకు హాని కలుగకుండ తల్లికి యాంటీ-డి అను సూదిమందు నిత్తురు. అచట 1977-78లో ఆ మందు హెపటైటిస్-సి సోకిన ఒక వ్యక్తి రక్తమువలన కలుషితమైనది. బాలింతలగు యువతులు ఎందరో 1బి వైరసునకు గురియైరి. 1994లో గాని ఈ సంగతి బయటపడలేదు.

వారిలో శరీరమున వైరసు ఇంకను నిలిచియున్న 376 మందిని, సోకిన పదునేడేండ్ల పిమ్మట పరీక్షించి, 1999లో ఫలితములు ప్రకటించిరి. మూలము ఒకటి, ఉపభేదము ఒకటి, సోకిన కాలము ఒకటి. అయినను కాలేయపు ముక్కను తీసి చూడగా సగము మందిలో నారకట్టు లక్షణములు కనబడినవి, మిగిలిన సగములో అవి లేవు. సిర్రోసిస్ ఉన్నవారు, ఉండవచ్చునని తోచినవారు కలిసి నూటికి ఇద్దరే. వారు చిన్నవయస్సున సోకిన స్త్రీలగుట ఈ మేలునకు కొంత కారణము. పదునేడేండ్లు ఈ వ్యాధి చరిత్రలో తుదిమాట కాదను మాటయు మరువరాదు.

దీనివలన మనము గ్రహింపవలసినదేమి? జన్యురూపము ఒక అంశమే గాని నొసటివ్రాత కాదు. నలువదేండ్లు దాటిన పిదప సోకుట, పురుషుడగుట, మద్యపానము, స్థూలకాయము, మధుమేహము, వెంట హెపటైటిస్-బి గాని హెచ్.ఐ.వి. గాని ఉండుట - ఇవన్నియు కాలేయపు చేటును వేగిరపరచును. వైరసు తనంత తాను తొలగిపోవుటలోను మనిషి జన్యువుల పాత్ర కలదని 2009లో తెలిసినది. వీనిలో వయస్సును, పుట్టుకను మార్చలేము. మద్యమును మానుట, బరువును తగ్గించుకొనుట, చక్కెరను అదుపులో నుంచుకొనుట మాత్రము మన చేతిలోనివి.

చికిత్సలో వచ్చిన విప్లవము

జన్యురూపము పేరు వైద్యశాలలలో మారుమ్రోగినది చికిత్స విషయముననే. 2001 ప్రాంతమునుండి పెగిలేటెడ్ ఇంటర్ఫెరాన్ సూదిమందు, రిబవిరిన్ మాత్రలు కలిపి ఇచ్చెడివారు. 1వ జన్యురూపము గలవారు 48 వారములు ఆ కష్టమును సహింపవలసియుండెను. జ్వరము, నీరసము, రక్తహీనత, మనోవ్యాకులత వెంటాడెడివి. ఇంతచేసినను నయమైనవారు సగమునకు లోపలనే. 2, 3 జన్యురూపములవారికి 24 వారములే చాలెడివి. నూటికి 75 నుండి 80 మందికి నయమయ్యెడిది. ఆనాడు తనది 3వ జన్యురూపమని విన్న రోగి ఊరట చెందెడివాడు.

2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్బువిర్ అను మాత్రకు అనుమతి లభించుటతో కథ మారినది. ఇది వైరసు ప్రతులు తీయు ఎంజైమునే అడ్డగించును. సూది అవసరము తప్పినది. కాని క్రొత్త మందులతో ఆశ్చర్యకరమైన సంగతి ఒకటి బయటపడినది. మునుపు ఇంటర్ఫెరాన్ ఫలింపని రోగులకు సోఫోస్బువిర్, రిబవిరిన్ 12 వారములు ఇచ్చి చూడగా, 2వ జన్యురూపమువారిలో 86 శాతము, 3వ జన్యురూపమువారిలో 30 శాతము మాత్రమే స్వస్థులైరి. సులభసాధ్యమని పేరొందిన 3వ జన్యురూపమే కష్టసాధ్యముగ తేలినది. ఒక జన్యురూపమును మంచిదనియో చెడ్డదనియో ముద్రవేయుట తగదనియు, అది వాడు మందునుబట్టి మారుననియు దీనివలన తెలియుచున్నది.

2015లో ప్రకటింపబడిన మరియొక అధ్యయనము ఇంకను ముఖ్యమైనది. 3వ జన్యురూపము గలవారికే సోఫోస్బువిర్, డక్లటాస్విర్ మాత్రలు 12 వారములు ఇచ్చిరి. సిర్రోసిస్ లేనివారిలో 96 శాతము నయమైనది. సిర్రోసిస్ ఉన్నవారిలో 63 శాతమే. జన్యురూపము ఒకటే, మందు ఒకటే, కాలము ఒకటే. ఫలితమును మార్చినది కాలేయపు స్థితి. మా వ్యాసమునకు ప్రాణము వంటి సంగతి ఇదియే. ఆలస్యముగా వచ్చిన రోగికి జన్యురూపము శత్రువగును. సకాలమున వచ్చినవానికి అది పెద్ద అడ్డంకి కాదు.

2016లో అనుమతి పొందిన సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ జంటమాత్ర అన్ని జన్యురూపములపైనను పనిచేయును. 12 వారముల చికిత్సతో 3వ జన్యురూపమువారిలో కూడ 95 శాతము నయమైనట్లు పరీక్షలలో తేలినది. చికిత్స ముగిసిన 12 వారములకు రక్తమున వైరసు కనబడనిచో నయమైనట్లే పరిగణింతురు. ఈ పరిణామములనుబట్టి, అన్ని జన్యురూపములకు పనిచేయు మందులనే పెద్దలకు వాడవలసినదిగా 2018లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది. దానితో చికిత్స మొదలిడుటకు ముందు ఖరీదైన జన్యురూప పరీక్ష చేయింపవలసిన పని చాలమందికి తప్పినది.

మందు ధర విషయమున మన హైదరాబాదునకును ఈ చరిత్రలో స్థానము కలదు. అమెరికాలో సోఫోస్బువిర్ ఒక్క మాత్ర వెల 1,000 డాలర్లుగ, 12 వారములకు 84,000 డాలర్లుగ నిర్ణయింపబడినది. 2014 సెప్టెంబరులో దానిని తక్కువ ధరకు తయారుచేయుటకు భారతీయ సంస్థలకు అనుమతి లభించినది. వానిలో హైదరాబాదునకు చెందిన హెటిరో ఒకటి. 2015లో నాట్కో కూడ చేరినది. సంపన్న దేశములవారే వెనుదీసిన మందు ఇట్లు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది.

2018 జూలై 28న భారతప్రభుత్వము జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించినది. దాని ననుసరించి నిర్ణీత ప్రభుత్వ కేంద్రములలో పరీక్షలు, మందులు ఉచితముగ లభించును. సిర్రోసిస్ లేనివారికి సోఫోస్బువిర్, డక్లటాస్విర్; సిర్రోసిస్ ఉన్నవారికి సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ ఇచ్చుట ఆ కార్యక్రమపు పద్ధతి. రోగిని వర్గీకరించుటకు జన్యురూపముకంటె కాలేయపు స్థితియే కొలబద్ద యైనదని విద్యార్థులు గమనింపగలరు. ఒకనాడు సూదిమందుతో వ్యాధిని వ్యాపింపజేసికొన్న ఈజిప్టు, 2018-19లో దాదాపు ఐదు కోట్లమందికి పరీక్షలు జరిపి, చికిత్స నందించి, 2023లో హెపటైటిస్-సి నిర్మూలనమార్గమున ప్రపంచ ఆరోగ్యసంస్థ స్వర్ణశ్రేణి గుర్తింపును పొందిన తొలి దేశమైనది.

మన కర్తవ్యము

ప్రపంచమున నేటికిని దాదాపు ఐదు కోట్లమంది ఈ వైరసుతో జీవించుచున్నారని, 2022లో సుమారు రెండు లక్షల నలువది వేలమంది దీనివలన మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. నయముచేయగల మందు ఉండగనే సంభవించిన మరణములివి. వారిలో పెక్కుమందికి తమ శరీరమున వైరసు ఉన్నదను సంగతియే తెలియదు.

పూర్వము రక్తము ఎక్కించుకొన్నవారు, డయాలిసిస్ చేయించుకొనువారు, తరచుగ రక్తము అవసరమగు తలసేమియా పిల్లలు, ఒకే సూదిని పలువురికి వాడిన చోట సూదిమందు వేయించుకొన్నవారు, పచ్చబొట్టు పొడిపించుకొన్నవారు, మత్తుమందు సూదులు పంచుకొన్నవారు ఒకసారి పరీక్ష చేయించుకొనుట మేలు. మొదటి పరీక్ష యాంటీబాడీలను చూపును. అది పాజిటివ్ అయినంతనే వ్యాధి ఉన్నదని భయపడరాదు. ఆర్.ఎన్.ఏ. పరీక్షలో వైరసు కనబడినపుడే చికిత్స అవసరము. నయమైన పిదపను యాంటీబాడీలు నిలిచియుండును గాని అవి రక్షణ కల్పింపవు. అజాగ్రత్తగా ఉన్నచో వైరసు మరల సోకవచ్చును. దీనికి టీకా లేదు. చికిత్సకు ముందే సిర్రోసిస్ ఏర్పడినవారు, వైరసు పోయినను, క్యాన్సరును కనిపెట్టుటకై ఆరు మాసములకొకసారి స్కానింగు చేయించుకొనుచుండవలెను.

ఈ వైరసు కలిసి భుజించుటవలన, కరచాలనమువలన, ఆలింగనమువలన, ఒకే గదిలో నిద్రించుటవలన సోకదు. రోగికి వేరు పళ్ళెము, వేరు గ్లాసు పెట్టుట, పెండ్లి సంబంధములు తప్పించుట అజ్ఞానము. మంగలి కత్తికి క్రొత్త బ్లేడు, వైద్యుని సూదికి క్రొత్త సిరంజీ అడిగి చూచుకొనుట విజ్ఞానము. ఇట్లు అడుగుట అమర్యాద అని సంకోచింప పనిలేదు.

కళాశాల పాలకవర్గమువారికి మా మనవి ఒకటి. జాతీయ సేవాపథకము ఆధ్వర్యమున ఏటేట జరుపు శిబిరములలో హెపటైటిస్ పరీక్షకును తావు కల్పించినచో, విద్యార్థులకే గాక వారి తల్లిదండ్రులకును మేలు చేకూరును. తెలుగునను ఉర్దూలోను కరపత్రములు వ్రాయుటకు మా శాఖ సంసిద్ధముగ నున్నది. వైరసు ఏ కుటుంబమునకు చెందినదో నిర్ణయించుట మన చేతిలో లేదు. దానిని ఎంత త్వరగా కనుగొందుమన్నది మాత్రము మన చేతిలోనున్నది. రోగి భవితవ్యము నేడు అధికముగ దానిపైననే ఆధారపడియున్నది.